ఐదు మిల్లీవాట్ల లోపు

పరీక్షశాలలో ఒక గది. కిటికీలకి నల్ల తెరలు. బల్లకి అటు పక్క లైట్లూ లెన్సులూ పరీక్షించే టెక్నీషియన్, రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. ఇటు పక్క బడిలో భూగోళం పాఠం చెప్పే టీచరు. ఇద్దరి మధ్యా పెన్ను పొడవున్న పచ్చ లేజర్ పాయింటర్.

"మళ్లీ అడుగుతున్నానని ఏమీ అనుకోకండి టీచరు గారూ. ఎందుకు పరీక్ష చేయించుకుంటున్నారు?"

"ఫారంలో రాశాను కదండీ. ఎంత గట్టిగా చేశారో, ఎంత వెలుగు వస్తుందో చూడమని."

"అది ఏం పరీక్ష అన్నచోట రాశారు. ఎందుకు అన్న గడి ఖాళీగా ఉంది."

"ఖాళీగా ఉండకూడదా?"

"ఉంటే పైవాళ్లు నా ప్రాణం తీస్తారు. సొంత అవసరం అని పడేస్తాను. సరేనా?"

"పడెయ్యండి."

"ఇది మీదేనా?"

"నేనే కొన్నాను."

"కొన్నది మీరు. వాడింది?"

"మ్యాపు మీద నదులు చూపించడానికి కొన్నాను. బెత్తం పట్టుకుంటే పిల్లలు నదిని చూడరు, బెత్తాన్నే చూస్తారు. కొన్నాళ్లు బడిలో వాడాను. కొన్నాళ్లు... ఇంట్లో ఉంది."

"కొని ఎన్నాళ్లయింది?"

"ఐదేళ్లు. అందులో నాలుగేళ్లు పెన్సిళ్ల డబ్బాలోనే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు."

"బ్యాటరీలు లోపలే ఉంచేశారా?"

"తీసేశాను."

"బతికించారు. సగంమంది వదిలేస్తారు, అవి కారిపోయి లోపలి స్ప్రింగుని తినేస్తాయి. మీ స్ప్రింగు నిన్న పెట్టినట్టుంది. ఒళ్లంతా ఇత్తడి, చూశారా బరువు? ఇప్పుడొచ్చేవి రేకు చుట్టి పంపిస్తున్నారు. మూత నూనె రాసినట్టు తిరుగుతోంది. బటన్ కూడా టక్కున పడుతోంది, టక్కున లేస్తోంది. మనసుపెట్టి చేశాడండీ ఎవడో."

"మంచి సరుకే అంటారు."

"పైకి మంచిదే. లోపల చూడాలి. ఇదేంటి, ఈ కొసన సొట్ట?"

"పడింది."

"పడితే ఇంత సొట్ట రాదండీ. మేము మీటరు ఎత్తునుంచి సిమెంటు నేల మీద పడేసి చూస్తుంటాం. ఇత్తడికి మహా అయితే ఓ గీత పడుతుంది."

"విసిరారు."

"ఎవరు?"

"మా అక్క. గోడకేసి కొట్టింది."

"గోడకా? మీకు తగల్లేదు కదా?"

"గోడ నా వెనకాలే ఉంది."

"సరే. ఈ నారింజరంగు కళ్లద్దాలు పెట్టుకోండి. పచ్చ వెలుగుని కంటిదాకా రానివ్వవు."

"అవసరమా?"

"నాకు రూలు. మీకు ముచ్చట అనుకోండి. ఇప్పుడు దీని ముక్కు మీటరుకి ఎదురుగా పెట్టి బిగిస్తున్నాను. దీనికి అంటించిన చీటీ మీద ఐదు మిల్లీవాట్ల లోపు అని ఉంది. చీటీ మీద ఏదైనా అచ్చేసుకోవచ్చు. నిరుడొకటి వచ్చింది, దానిమీదా ఇదే ముక్క. కొలిస్తే తొంభై చిల్లర. అలాంటిది కంట్లో పడిందంటే రెప్ప వేసేలోపే..."

"రెప్ప వేసేలోపే?"

"ఎందుకులెండి."

"చెప్పండి. నాకు తెలుసు. అయినా చెప్పండి."

"కంటి వెనక పొర ఉంటుంది కదా, దాని నడిమధ్యలో కాలిపోతుంది. నొప్పి కూడా తెలియదు. ఆ తర్వాత ఎటు చూసినా చూపు మధ్యలో మచ్చే. ఎదుటివాళ్ల చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు."

"అవును. చెవులు కనిపిస్తాయంటుంది."

"ఎవరు?"

"కొలవండి సార్."

"కొలుస్తున్నాను. ఒకటింపావు చూపిస్తోంది. ఈ పచ్చవాటికి ఒళ్లు వేడెక్కాలి, అప్పుడుగానీ పైకి రావు. ఐదు నిమిషాలు పడుతుంది. ఈలోపు మీరు చెప్పాలనుకుంటే చెప్పండి, లేదంటే కూర్చోండి. నేను అందరినీ అడగను."

"చెప్పడానికేముంది. మా అక్క పెద్దకూతురు. అప్పుడు పదకొండేళ్లు. సెలవులకి నా దగ్గరికి వచ్చింది. ఈ లైటు చూసి, పిన్నీ నాకూ ఒకసారి ఇవ్వవా అంది. ఇచ్చాను. గోడమీద చుక్క పరిగెత్తించుకుంది. తర్వాత బీరువా అద్దంలో వేసి చూసింది. ఒక్కసారే. వెలుగు ముఖాన పడగానే అబ్బా అని తల తిప్పేసుకుంది. నేను పక్కనే ఉన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం కూడా."

"తర్వాత?"

"నాలుగు నెలలకి బోర్డుమీద అక్షరాలు కనిపించడం లేదంది. కళ్లజోడు వేయించారు. చూపు తగ్గడం ఆగలేదు. పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన అన్నీ చూసి, ఇంట్లో లేజర్ లైటుగానీ ఉందా అని అడిగారట. పిన్ని దగ్గర ఉంది, అద్దంలో చూశాను అని చెప్పింది పిల్ల. అయితే అదే కావచ్చు అన్నారట ఆయన. వాళ్లు ఇంటికొచ్చేసరికి ఆ కావచ్చు దారిలో ఎక్కడో జారిపోయింది."

"డాక్టరు ఇంకేమీ అనలేదా?"

"ఏదో అన్నారట. గుర్తులేదు."

"మీ అక్కగారు అప్పుడు విసిరారా దీన్ని?"

"ఆ సాయంత్రమే, మా ఇంటికొచ్చి. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఏదైనా ఉంటే బావగారు ఫోన్ చేస్తారు. మీ అక్క ఇలా చెప్పమంది అని మొదలుపెడతారు, పాపం ఆయన. ప్రతి ఆదివారం వెళ్లి పెద్దదానికి పాఠాలు చదివి వినిపిస్తాను. ఇప్పుడు పదో క్లాసు. నేను గదిలోకి అడుగుపెడితే అక్క అవతలికి వెళ్లిపోతుంది. వెళ్లేముందు బల్లమీద గ్లాసుడు మంచినీళ్లు పెట్టి వెళ్తుంది. ఎప్పుడూ మర్చిపోలేదు."

"మీకు కష్టంగా ఉండదా టీచరు గారూ?"

"మొదట్లో ఉండేది. దారిపొడుగునా ఏడ్చేదాన్ని. తర్వాత ఏడుపు రావడం మానేసింది. ఇప్పుడు బస్సెక్కుతాను, చదువుతాను, నీళ్లు తాగుతాను, వచ్చేస్తాను. ఎంత చూపిస్తోంది సార్?"

"రెండున్నర. ఎక్కుతోంది... మూడు... మూడుంపావు. ఇక కదలడం లేదు."

"అంతేనా?"

"అంతే. కాకపోతే అప్పుడే సంబరపడకండి, దీంట్లో ఇంకో తిరకాసుంది. ఈ పచ్చ వెలుగు లోపల పుట్టేటప్పుడు కంటికి కనిపించని వెలుగు నుంచి పుడుతుంది. చవకవాటిలో అది కూడా బయటికి కారుతుంది. పచ్చ కొంచెమే కదా అనుకుంటాం, కనిపించనిది కాల్చేస్తుంది. ఇదిగో, పచ్చని ఆపేసే అద్దం అడ్డం పెడుతున్నాను. ఇప్పుడు మీటరులో ఏదైనా కనిపించిందంటే అదే."

"ఎంతుంది?"

"సున్నా."

"సరిగ్గా చూడండి."

"చూస్తున్నానమ్మా. సున్నా. లోపల దాన్ని ఆపే గాజు బిళ్ల పెట్టి ఉంటాడు. ఈ సైజు పాయింటరులో ఆ బిళ్ల నేను చూసినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మీటరుకి బిగించేటప్పుడు చుక్క చూశాను, గోడకేసి కొట్టినా ఇంకా గుండ్రంగానే ఉంది."

"పాతబడింది కదా సార్. అప్పుడు ఎక్కువ ఉండి, ఇప్పుడు తగ్గిందేమో."

"మంచి ప్రశ్న అడిగారు. తగ్గుతాయి, నిజమే. దానికి తల విప్పి చూడాలి. విప్పితే మళ్లీ మునుపటిలా ఉండకపోవచ్చు, పరవాలేదా?"

"విప్పండి."

*

తల విప్పడానికి అరగంట పట్టింది. గుడ్డ చుట్టి, రెండు పట్టకార్లతో పట్టుకుని, కొంచెం వేడి చూపించి తిప్పాడు టెక్నీషియన్. టీచరు కళ్లద్దాలు తియ్యకుండా అలాగే కూర్చుంది.

"ఇదిగో మీ గాజు బిళ్ల. నీలం రంగుది. జిగురు కూడా చెక్కుచెదరలేదు. ఇక ఈ చిన్న బోర్డు ఉంది చూశారా, లోపలికి ఎంత కరెంటు వదలాలో ఇదే చూసుకుంటుంది. కొత్త బ్యాటరీలంత కరెంటు ఇచ్చి చూశాను, ఇంకొంచెం ఎక్కువిచ్చి కూడా చూశాను. ఇది గీత దాటనివ్వడం లేదు."

"అంటే?"

"అంటే, కొన్నరోజు కూడా ఇది ఐదు దాటి ఉండదు. చీటీ మీద రాసింది అక్షరాలా నిజం. నేను కళ్ల డాక్టర్ని కాను, ఆ మాట ముందే చెబుతున్నాను. వెలుగు గురించి మాత్రమే చెప్పగలను. కావాలని రెప్ప వెయ్యకుండా దీంట్లోకి చూస్తూ కూర్చుంటే వేరే సంగతి. అద్దంలో ఒక్కసారి పడి, అబ్బా అని తల తిప్పుకుంటే, ఈ మూడు నాలుగు మిల్లీవాట్లతో కన్ను కాలదు. రెండు కళ్లూ ఒకేసారి అసలు కాలవు."

"సరే."

"అర్థమైందా టీచరు గారూ? మీ లైటు ఏమీ చెయ్యలేదు. మీరూ ఏమీ చెయ్యలేదు."

"అర్థమైంది."

"సంతకం పెట్టి, ముద్ర వేసి ఇస్తాను. తీసుకెళ్లి మీ అక్కగారి చేతిలో పెట్టండి. నాలుగేళ్లు మోశారు, ఇక దింపేసుకోండి."

"ఇంకోసారి కొలుస్తారా?"

"తల విప్పేశాను కదమ్మా."

"విప్పినా కొలవొచ్చు కదా. వేరే మీటరు లేదా? పక్కగదిలో ఒకటి కనిపించింది."

"ఉంది. దాంట్లోనూ ఇదే వస్తుంది."

"ఒక్కసారి."

"ముప్పై ఏళ్లుగా ఈ బల్ల దగ్గర ఉన్నాను టీచరు గారూ. మళ్లీ కొలవమనేవాళ్లు ఎవరో తెలుసా? తమకి కావలసింది రానివాళ్లు. మీకు కావలసిందే వచ్చింది కదా."

టీచరు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"మంచినీళ్లు తాగుతారా?"

"వద్దు. డాక్టరు అన్నది గుర్తులేదన్నాను కదా సార్. గుర్తుంది. లైటు వల్ల కాకపోతే ఇది తల్లిదండ్రుల రక్తంలోంచి వచ్చే జబ్బు అయ్యుండొచ్చు అన్నారు. పుట్టినప్పటి నుంచీ లోపలే ఉంటుంది, పదేళ్లకీ పన్నెండేళ్లకీ బయటపడుతుంది అన్నారు. అదే అయితే మిగతా పిల్లల్ని కూడా చూపించండి అన్నారు. లైటు దొరికింది కాబట్టి అక్క ఆ మాట వినలేదు. నేనూ గట్టిగా అనలేదు."

"మిగతా పిల్లలు ఉన్నారా?"

"ఒకతి. చిన్నది. తొమ్మిదేళ్లు. మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని కథల పుస్తకం చదువుకుంటోంది. పుస్తకం ఎదురుగా పెట్టుకోలేదు, చెవి దగ్గర పెట్టుకుంది. అదేంటే అలా చదువుతున్నావు అంటే, ఎదురుగా పెడితే అక్షరాలు ఉండటం లేదు పిన్నీ అంది."

"... దాని కంట్లో కూడా ఎప్పుడైనా ఈ లైటు..."

"అక్క విసిరిననాటికి దానికి ఐదేళ్లు. మా ఇంటికి రానే లేదు. ఈ లైటు ఎలా ఉంటుందో కూడా దానికి తెలియదు."

"మరి ఇంట్లో చెప్పారా?"

"నేను చెప్పలేదు. అక్క అప్పటికే చూసింది. నిన్న పొద్దున ఫోన్ చేసింది, తనే. నాలుగేళ్ల తర్వాత. బావగారేమో అనుకుని చెప్పండి అన్నాను. నేనే అంది. ఆ లైటు ఇంకా ఉంచావా అని అడిగింది. ఉంచానన్నాను. పరీక్ష చేయించవే, పెద్దదానిది దానివల్లే అని తేలితే చిన్నదానికి ఇంకేదో చిన్న జబ్బు అయ్యుంటుంది, కళ్లజోడుతో పోతుంది అంది. సరేనన్నాను. అయినా ఇద్దరం వెంటనే ఫోన్ పెట్టెయ్యలేదు."

"అమ్మా, నాకు తెలియక ఇందాక ఏదేదో..."

"మీరేం చేస్తారు సార్. ఉన్నదే చెప్పారు. ఇన్నేళ్లకి అక్కా నేనూ కలిసి ఒకటే కోరుకున్నాం, తప్పు నాదే అయ్యుండాలని."