ఏ వేలో చెప్పు

"అమ్మమ్మా, జర కాలు తిమ్మిరెక్కిందన్న, గంతే. దానికి కండ్లు మూస్కో, ఏ వేలు ముట్టిన్నో చెప్పు అంటవేంది?"

ముందుగాల చెప్పు. ఏ వేలు? ...ఆఁ, చిటికెనవేలే. మంచిది, ఇగ కండ్లు తెరువు. నవ్వకు మౌనికా, నవ్వే ముచ్చట కాదిది. ఆ ఫోన్ల రికార్డు పెట్టినవా? పెట్టుకో, నాకేంది. గని మెల్లగ మాట్లాడుకుందాం. మీ తాత లోపల్నే పండుకున్నడు. ఆయన చెవులు మంచిగనే ఉన్నయి, పాడైనయి కాళ్ళే.

నీకు మీ తాత మంచంల కూసున్న తీరే ఎరుక. నేను పెండ్లై ఈ కాశిబుగ్గకు వచ్చినప్పుడు సూడాల్సింది ఆయన్ని. ఆ మంచం ఉన్న జాగల్నే మగ్గం ఉండె. నేలల గుంట, ఆ గుంటల కాళ్ళు పెట్టి కూసుండి, కింద చెక్కలు తొక్కుకుంట జంపఖానాలు నేసేటోడు. నేను పక్కన రాట్నం మీద నూలు కండెలకు చుడుతుంటి. ఒక్కసారన్న కిందికి సూసేటోడు కాదే! నాతోని ముచ్చట పెట్టుకుంటనే నేసుడు, కాళ్ళ పని కాళ్ళు చేసుకుంటుండె. మీ అమ్మ పెండ్లిల పరిచిన నీలం జంపఖానా ఆయన నేసిందే. ఆగు ఆగు, మీ అమ్మ పెండ్లి కాదు, మీ పెద్దమ్మ పెండ్లి. మీ అమ్మ పెండ్లికి బజార్ల కొనుక్కొచ్చినం. అదే చెప్తాన.

మీ అమ్మ పుట్టినప్పుడు నాకు రక్తం బాగ పోయింది. పెద్ద దవాఖానల వారం దినాలు నేనెవ్వలో నాకు సోయి లేదు. అగో అప్పుడు మొక్కిండు మీ తాత. ఇది బతికితె నీసు ముట్ట, గుడ్డు ముట్ట, కల్లు ముట్ట అని. నన్నడిగిండా? అడగలే. ఇంటికొచ్చినంక నేను ఆయనకిష్టమని మేక కార్జం తెప్పిచ్చి వండి పెడితె, కంచం పక్కకు జరిపిండు. అప్పుడు తెలిసింది నాకు. మొక్కేటోడు నన్నడిగి మొక్కొద్దా? ఆదివారం పిల్లలకు కోడి వండితె, ఆయనకు పచ్చిపులుసు. పాలంటవా, చాయిల రంగు మారేటంత. మటన్ అప్పుడు ఇప్పటి లెక్క గింత పిరెం లేకుండె తెలుసా, అయినా ఒక్క తునక ముట్టలే. ఏండ్లకేండ్లు గట్లనే గడిచినయి.

మీ పెద్దమ్మ పెండ్లైన మరుసటేడు అనుకుంట, నాలుక మండుతాందనుడు మొదలువెట్టిండు. నేను ఎనుమాముల మార్కెట్ల పొద్దంత మిరపకాయల తొడిమెలు తీసి, చేతులు భగ్గున మండంగ ఇంటికొచ్చి కూర వండితె, కారమైందని నీళ్ళు పోసుకొని తినుడు. నాకు ఒళ్ళు మండదా మరి? నాలుక సూపెట్టమని ఒక్కనాడన్న అనలే నేను. తర్వాత సూస్తె ఎర్రగ, నున్నగ అయ్యుండె. నాలుగు మెట్లెక్కితె ఆయాసం, మొఖమంత పాలిపోయింది.

మా గల్లీల ఒక డాక్టరుండె. పేరెందుకులే, ఇప్పుడు లేడు పాపం. కంటి రెప్ప కిందికి గుంజి సూసి, రక్తం తక్కువున్నదన్నడు. పరీక్షల గూడ అదే వచ్చింది. ఎర్ర గోలీలు, పసుప్పచ్చ గోలీలు రాసిచ్చిండు. నేను దగ్గరుండి మింగిచ్చిన. మూడు నెలలకు మల్ల పరీక్ష చేస్తె రక్తం పెరిగింది! కొబ్బరికాయ గూడ కొట్టిన నేను. ఇగ ఈయనకు రోగమే లేదనుకున్న. గక్కడ్నే మోసపోయినం బిడ్డా.

ఎందుకంటె నేత తప్పవట్టింది. కాలు చెక్కను సమంగ తొక్కక ఒక దిక్కు పోగు లేస్తది, ఒక దిక్కు లేవది. మాల్ కొనే షేటు జంపఖానాలు వాపసు పంపుతాండు. కాళ్ళు మొద్దువారినయే, దూది మీద నడిచినట్టు అయితాంది అంటడు ఈయన. రక్తం పెరిగె కదా, ఇంకేం రోగం నీకు అంట నేను. నడుస్తాంటె కాలిచెప్పు ఊడి ఎనుక పడిపోతది, ఆయనకు ఎరుకనే ఉండది, ఒంటి చెప్పుతోని ఇంటికొస్తడు. మాపటికి జర మసక పడ్డదంటె గోడ పట్టుకొని ఊగుకుంట నడుసుడు. సూసేటోళ్ళేమంటరు? తాగిండంటరు. నేనూ అన్న.

ఒకనాడు ఆ మూలమలుపు కాడ, నల్లా దగ్గర పడిపోయిండు. ఆడోళ్ళందరు బిందెలు పట్టుకొని సూస్తాన్రు. నేను ఉరికిపోయి, లేపలే మౌనికా... లేపలే. వంగి నోరు వాసన సూసిన. అందరి ముంగట. వాసన లేదు. లేకున్నా ఊకున్ననా? వాసన రాకుంట ఏం తాగినవో చెప్పు అన్న. నా పాణం కోసం కల్లు ఇడిసిపెట్టిన మనిషిని. ఆయనేమో, కాలిచెప్పు ఏడున్నదో సూడు అన్నడు, గంతే.

...మంచినీళ్ళియ్యి జర.

అట్ల రెండేండ్లు పోయినంక మీ పెద్దమామ హన్మకొండల పెద్ద డాక్టరు దగ్గరికి తీస్కపోయిండు. నేనూ పోయిన. ఆ డాక్టరు రెండు కాళ్ళు దగ్గర పెట్టి కండ్లు మూసుకో అన్నడు. మూసుకున్నడో లేదో పడబోయిండు, పట్టుకున్నరు. తర్వాత పండుకోబెట్టి ఒక్కొక్క వేలు పట్టుకొని, ఇదేంది, ఇదేంది అని అడిగిండు. ఈయన ఒక్కటి గూడ సక్కగ చెప్పలే. ఏం తింటడమ్మా అన్నడు. మొక్కు ముచ్చట చెప్పిన. రక్తం హైదరాబాద్ పంపితె, బీ ట్వెల్వ్ అడుగంటిందని వచ్చింది. నీసు తినక కొంత, వయసుకు కడుపు గుంజుకోక కొంత అన్నడు. ఆ పసుప్పచ్చవి ఫోలిక్ గోలీలట, వాటితోని రక్తం పెరిగింది గని, లోపల నరాలు పాడైతనే ఉన్నయట. రక్తం మంచిగ కనవడ్డదని మనం నమ్మి కూసున్నం.

మొక్కు తప్పాల్నా సారూ అని భయపడుకుంట అడిగిండు మీ తాత. వద్దు పెద్దాయనా, సూదులు చాలు అన్నడు. గంతేనే! ఒక చిన్న ఎర్ర సూది. జల్ది వస్తె కాళ్ళు దక్కుతుండె అన్నడు.

సూదులు పడ్డంక నాలుక మానింది, ఆయాసం పోయింది. కాళ్ళే రాలే. ఒకనాడు ఆశకొద్ది మగ్గం మీద కూసున్నడు. కాలు చెక్క మీదున్నదా, మట్టి మీదున్నదా తెలుస్తలేదు. నన్ను గుంటల దిగి కాలు చెక్క మీద పెట్టమన్నడు. దిగిన, పెట్టిన. రెండు వరుసలు నేసిండు, మల్ల జారింది. మల్ల పెట్టిన. గట్ల ఎన్నిసార్లో... ఇగ చాలు, లే అన్నడు. అటెన్క ఆ గుంట పూడిపిచ్చి మంచమేసినం.

కాలుకు దెబ్బ తాకినా తెల్వది, రోజు సూస్తుండు అమ్మా అని చెప్పిండు డాక్టరు. అందుకే దినాం తానం పోసినంక కాళ్ళు తుడిచి, వేలు ముట్టి అడుగుత, ఏ వేలో చెప్పు అని. కండ్లు మూసుకొని చెప్తడు. ఈ నడుమ సరిగ్గనే చెప్తాండు. నాకు ఎంత సంబురమైందో! నరం తిరిగొస్తాందనుకున్న.

మొన్న బేస్తారం నాడు ఏమనిపిచ్చిందో నాకే తెల్వది. చెయ్యి పెట్టలే. ముట్టకుంటనే, ఏ వేలో చెప్పు అన్న. బొటనవేలు అన్నడు. రోజు నేను ముందుగాల ముట్టేది అదే.

నేనేమంట? కరెక్టే అన్న.

...నువ్వు ఏడువకు. నీది వట్టిగ కాలు మడిచి కూసుంటె వచ్చిన తిమ్మిరే కావచ్చు. గని డైటింగని గుడ్డు బందు పెట్టినవు, పెరుగు బందు పెట్టినవు. రేపు పొద్దుగాల పోయి రక్తమియ్యి. వట్టి రక్తం ఎంతున్నదని కాదు, బీ ట్వెల్వ్ గూడ సూడమను, మర్సిపోకు. నీ కాళ్ళు సల్లగుండ బిడ్డా, నువ్వు ఏ గడప తొక్కినా ఆ గడప నీ కాలికి తెలవాలె. ఇగ బందు పెట్టు ఆ రికార్డు. తాత లేసినట్టున్నడు.