ఎండిన చెట్టుకు మొక్కు

భూపాలపల్లిలోని జపాన్ తరహా పార్కులో, కుంట మీది ఎర్ర చెక్కవంతెన పక్కన మొన్నటిదాకా మోడులా నిలిచిన చెట్టు ఒళ్లంతా గులాబీ రంగు పూలు పూసింది. దాని కింద చెంబుతో నిలబడ్డ పెద్దాయన ముఖం అంతకన్నా వెలిగిపోతోంది. పక్కనున్న భార్యతో అన్నాడు:

“ఈ ఎండిన చెట్టు పూస్తేనే కంటి ఆపరేషన్‌కు వస్తనంటివి. రోజూ నీళ్లు పోసి శివయ్యకు మొక్కిన. చూడు నా భక్తి!”

“కుంటకు అటుపక్క చెట్లను చూడయ్యా. అవి గూడ పూసినయి. వాటికెవరు మొక్కిన్రు?”

ఆయన చూశాడు. గట్టు పొడుగునా గులాబీ రంగే.

“అంటే, ఎట్లయినా పూసేదానికి నేను పసుపు పూసి ప్రదక్షిణలు చేసిన్నా? వాకింగ్‌కొచ్చేటోళ్లు నవ్వింది గిందుకేనా?”

“నిరుడు గూడ శివరాత్రి దాటినంక గిట్లనే పూసింది. నాకెరుకే.”

“ఎరుకుండి గా షరతెందుకు పెట్టినవే?”

“దవాఖానంటే భయమైంది. జర గడువు దొరుకుతదనుకున్న.”

“మరి నా మొక్కు వట్టిదేనా?”

“వట్టిదెట్లయితది? రోజూ నీ ఎంబడి రాంగ రాంగ నా భయం పోయింది. గీ పూలు నాకు మబ్బు లెక్క కనవడుతున్నయి. రాలకముందే కన్ను బాగుచేయించుకోవాలె.”

“అయితే రాలకుండ ఉండాలని మొక్కుత.”

“నువ్వు మొక్కకు. ఆటోను పిలువు.”