చేతిరొట్టె

మెక్సికోలో ఒక కొండ ఊరు. పొద్దున్నే బాల్బీనా తన వంటింట్లో మొక్కజొన్న రొట్టెలు తట్టి పెనం మీద వేస్తోంది. వీధి చివర తోర్తియాల కొట్టులో ఇవే రొట్టెలు మిషను మీద చేసి అమ్మే నికనోరా గడపలో నిలబడి ఉంది.

“రొట్టె కింద పడితే చుట్టం వస్తుందంటారు. వచ్చాగా. ఇక అది కోళ్ళకెయ్యి వదినా.”

“నువ్వా నికనోరా. పొద్దున్నే కొట్టు వదిలేసి ఎలా వచ్చావు?”

“నువ్వు కొట్టుకి రావడం మానేశావు. అందుకని కొట్టే నీ దగ్గరికొచ్చింది.”

“మిషను రొట్టె పడట్లేదమ్మా. కడుపుబ్బరం.”

“ఇన్నేళ్ళూ పడింది.”

“వయసు మీద పడింది.”

“వయసు మీద పడితే జనం రొట్టెలు కొనుక్కుంటారు వదినా. తెల్లారకముందే లేచి, మొక్కజొన్నలు సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి, కడిగి, రాతి మీద నూరుకోరు. వీధి మలుపు దాకా వాసన వస్తోంది.”

“ఏం చెయ్యను, పొద్దుపోదు.”

“పొద్దుపోడానికి ఇంత పిండిముద్దా? ఒక్క మనిషికి?”

“మిగిలింది కోళ్ళు తింటాయి.”

“నీ కోళ్ళు అదృష్టం చేసుకున్నాయి. ఊరంతా నా మిషను రొట్టె తింటోంది, అవి చేతిరొట్టె తింటున్నాయి.”

“వచ్చి కూర్చో. మీ ఆయన ఎలా ఉన్నాడు, తిబుర్సియో అన్నయ్య?”

“ఉన్నాడు. కొట్ల దగ్గర మామూళ్ళు గుంజే వాళ్ళతో మాట్లాడ్డానికి కొండమీదికి వెళ్ళాడు.”

“ఆదివారమే వెళ్ళాడని విన్నా.”

“మాటలు తెమలొద్దూ? ఇవాళ వస్తాడు.”

“వదిలేస్తామని వాళ్ళు కబురేమైనా పంపారా?”

“ఇవాళ వస్తాడన్నాగా. అబ్బ, ఎలా పొంగిందో చూడు. రొట్టె పొంగితే పెళ్ళీడు వచ్చినట్టేనంటారు. నీకు ఇంకోసారి చేసెయ్యొచ్చు వదినా.”

“చాల్లే, నీ నోరు. ముందా పొగ వైపు నించి జరుగు.”

“నాకో ఉప్పు రొట్టె పెట్టవా? పెనం మీద రొట్టె ఉండగా గడప దాటి వచ్చినదాన్ని, ఉత్తినే పంపుతావా?”

“అయ్యో, నువ్వడగాలా? ఇదిగో, ఉప్పు చల్లి పిడికిట్లో నొక్కి...”

“నొక్కకు. నొక్కకు వదినా. అలాగే ఇవ్వు.”

“నొక్కకపోతే ఉప్పు ఎలా పడుతుంది? మీ అమ్మయినా మా అమ్మయినా నొక్కే ఇచ్చారు మనకి.”

“నీ చెయ్యి కాలుతుందని. ఇటివ్వు.”

“సరే, వేడి మీదే తిను. చల్లారితే తోలైపోతుంది.”

“తింటాలే. ఎలాదియో ఎక్కడున్నాడు?”

“ఉత్తరాన టమాటా తోటల్లో. పనికెళ్ళాడని చెప్పాగా.”

“ఏ ఊరు?”

“దాని పేరు నోరు తిరగదు.”

“జ్ఞానస్నానం రోజు నీ కొడుకుని చేతుల్లో పట్టుకుంది నేను. నాక్కూడా నోరు తిరగదా?”

“ఎందుకే ఇన్ని అడుగుతున్నావు?”

“వాళ్ళు నన్నడిగారు, నేను నిన్నడుగుతున్నా. సంత దగ్గరున్న ఇంకో రొట్టెల కొట్టుని, మామూలు ఇవ్వలేదని వాళ్ళు తగలబెట్టినప్పుడు మీ వాడు చూశాడంట. పట్నం వెళ్ళి జడ్జి ముందు పేర్లు చెబుతాడని వాళ్ళ అనుమానం.”

“వాడేం చూడలేదు. ఆ రోజు ఊళ్ళోనే లేడు.”

“నిన్న వాగు గట్టున, గుహలో, వాళ్ళకి గుడ్డమూట దొరికింది. మూటలో రొట్టెలు.”

“మేకలు కాసేవాళ్ళవై ఉంటాయి.”

“ముందు వాళ్ళూ అదే అనుకున్నారు. తర్వాత తెచ్చి నా బల్ల మీద పరిచారు. రొట్టెలదానివి కదా, ఎవరి చెయ్యో చెప్పమన్నారు.”

“రొట్టెలో చెయ్యి ఏం కనబడుతుంది?”

“మిషను రొట్టెలో కనబడదు. దానికి మొహం ఉండదు వదినా, ఊరంతటికీ ఒకటే. తట్టినదానికి ఉంటుంది. వీటికి అంచున నెలవంక లాంటి నొక్కుంది. వంకర బొటనవేలు తగిలితే పడే నొక్కు.”

“బోలెడంత మందికి ఉంటాయి వంకర వేళ్ళు.”

“చెయ్యి దాచుకోకు. ఆ వేలు నాకు తెలీదా?”

“నువ్వేం చెప్పావు? నికనోరా, వాళ్ళకేం చెప్పావు?”

“తెలీదన్నా. తట్టేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు, పక్కన పెట్టి చూస్తేగానీ చెప్పలేనన్నా.”

“నమ్మారా?”

“నమ్మారు.”

“నీ రుణం తీర్చుకోలేనే. నీ కడుపు చల్లగా ఉండాలి.”

“ఆ మాటలొద్దు.”

“ఎందుకొద్దు? ఇంకెవరైనా అయితే...”

“వద్దన్నానా వదినా. విను. రేపట్నుంచి కొట్లోనే కొనుక్కో. తట్టకు.”

“ఎలా కొనను? నీ కొట్టు ముందు వాళ్ళ మనుషులు కూర్చునుంటారు. ఒంటరిదానికి రెండింతలెందుకని అడగరూ?”

“రెండింతలా?”

“కోళ్ళకి.”

“కోళ్ళకి. ఆ. సరేలే. నేను వెళ్ళాలి.”

“అప్పుడేనా?”

“మిషను ఆపి వచ్చా. ఇదిగో, ఇంకో రొట్టె కింద పడింది చూడు.”

“పొగకి కళ్ళు కనపడి చావట్లేదు.”

“వదినా, నన్ను... ఏం లేదు. తలుపేసుకో.”

“అమ్మా, వెళ్ళిపోయిందా?”

“అటక దిగకు ఎలాదియో. గొంతు తగ్గించు.”

“అంతా విన్నా. కుక్కలు మొరిగాయని భయమేసి మూట అక్కడే వదిలేసి పరిగెత్తా. తప్పు నాదే.”

“నాదిరా. కొట్లో ఎక్కువ కొంటే దొరికిపోతామని ఇంట్లో తట్టాను. కొన్నవే మూట కట్టుంటే ఎవరికీ తెలిసేది కాదు.”

“పోనీలే, అత్త మన పేరు చెప్పలేదుగా.”

“చెప్పలేదు. అది మన మనిషి. ఇవాళొక్కరోజు గడవనీ, నిన్ను కొండ దాటిస్తా.”

“ఆకలేస్తోందమ్మా. అత్తకిచ్చినట్టు నాకూ ఒక ఉప్పు రొట్టె అందించు.”

“ఉండు. ఉప్పు చల్లి, పిడికిట్లో...”

“ఏంటమ్మా? ఆగిపోయావేం?”

“పై నుంచి నీకు కనపడిందా? అత్త ఆ రొట్టె తిందా?”

“లేదే. శాలువాలో చుట్టుకుంది. చంటిపిల్లని చుట్టినట్టు, నలక్కుండా.”

“దిగు. ఏమీ తీసుకోకు, దిగు ఎలాదియో. పక్కన పెట్టి చూపించడానికి పట్టుకెళ్ళింది.”