చుక్కల దాకా వినిపించిన మైకు

అల్లుడు నలుగురిలో నోరు విప్పాడంటే ఆ అత్తగారికి తల కొట్టేసినట్టుంటుంది. మీటింగులకీ నాటకాలకీ మైకులూ స్పీకర్లూ అద్దెకిచ్చే ఆ మనిషి ఉన్నది ఉన్నట్టు చెప్పడం పుట్టి ఎరగడని పెళ్ళయిన కొత్తలోనే ఆవిడకి తెలిసిపోయింది. పిల్లి ఎదురొస్తే పులి అంటాడు, జల్లు పడితే వరదంటాడు. వీధిలో అందరూ అతన్ని మైకు అనే పిలుస్తారు. అందులో సగం వృత్తి, సగం వెటకారం. అలాంటివాడు ఈరోజు చెవుల ఆసుపత్రి హాల్లో పొద్దున్నుంచీ నోరు మెదపకుండా కూర్చుంటే ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఎదురుగా మూసిన తలుపు. లోపల అతని భార్య, అంటే ఆవిడ కూతురు, ఒళ్ళో మనవరాలు గువ్వ. గువ్వకి ఐదేళ్ళప్పుడు జ్వరం వచ్చి మెదడు దాకా పాకింది. ప్రాణం దక్కింది గానీ రెండు చెవులూ పోయాయి. ఇది మూడో ఏడు. మొన్నామధ్య చెవి వెనక ఎముక తొలిచి లోపల చిన్న యంత్రం పెట్టారు. కుట్లు మానాయి, ఈరోజు దాన్ని మొదటిసారి ఆన్ చేస్తున్నారు. నరంలో జీవం ఉంటే వింటుంది, లేకపోతే లేదు. "ముందే చెప్పలేం" అన్నాడు డాక్టరు. ఆ ముక్కనే పొద్దున్నుంచీ అత్తగారు మనసులో తిప్పుకుంటోంది.

పక్క కుర్చీలో ఒంటి చెవితో వినే ముసలి దర్జీ ఒకడు, వాడికవతల ఓ బస్సు డ్రైవరు. ఊసుపోక డ్రైవరే కదిలించాడు.

"ఏమండీ, ఈ యంత్రాలు నిజంగా పనిచేస్తాయంటారా?"

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. అయిపోయింది, అనుకుంది అత్తగారు.

"పనిచేయకేమండీ! మైకుల సంగతి నన్నడగండి. గొప్పకి చెప్పట్లేదు గానీ, నేనో మైకు చేశా, ఆవగింజంత. మా వీధిలో నీళ్ళ పైపు ఎక్కడో కారుతోంది. రోడ్డంతా తవ్విపోశారు, దొరకలేదు. నేనెళ్ళి మైకు నేలకి ఆనించి, హెడ్‌ఫోను పెట్టుకుని నడుచుకుంటూ పోయా. బేకరీ ముందుకొచ్చేసరికి బుసబుస! ఇక్కడ తవ్వండి అన్నా. తవ్వారు."

"చిల్లు దొరికిందా?"

"దొరక్క ఎక్కడికి పోతుంది!"

ఆవగింజ సంగతి పక్కన పెడితే, ఇంతవరకూ నిజమే. అత్తగారు కళ్ళారా చూసిందే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అదే మైకుని మా డాబా మీద టమాటా మొక్కకి కట్టా. దాహమేస్తే మొక్క టిక్కు టిక్కుమంటుందండీ, ఇది నా మాట కాదు, సైన్సు మాట. మన చెవికి అందదు, నా మైకుకి అందింది. టిక్కుమంటే చెంబుడు నీళ్ళు పోసేవాణ్ణి. పోయగా పోయగా ఆ టిక్కు కాస్తా మాటయిపోయింది. 'నాకు చాలు, పక్కదానికి పొయ్యి' అంటుంది టమాటా. వంగ మొక్కుంది చూశారూ, మహా తగువులమారి, ఎంత పోసినా 'దానికి ఎక్కువ పోశావ్' అని సణుగుడే. ఇంకేముంది, రైతులు ఎగబడ్డారు! ఏ మొక్క ఎంతడిగితే అంతే పోయడంతో చెరువులో నీళ్ళన్నీ మిగిలిపోయాయి. కరువు ఎలా వస్తుందో పిల్లలకి బొమ్మ గీసి చూపించాల్సొచ్చింది."

"వంకాయ మాట్లాడిందా?" అన్నాడు దర్జీ, వినపడే చెవి ఇటు తిప్పి.

"మాట్లాడ్డమా, తిట్టింది!"

తలుపు తెరుచుకుంది. అల్లుడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఓ నర్సు ట్రే పట్టుకుని బయటికొచ్చి, ఎవరికేసీ చూడకుండా వెళ్ళిపోయింది. తలుపు మళ్ళీ మూసుకుంది. అతను ఆ తలుపుని చూస్తూనే మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి గొంతు ఓ మెట్టు పైకెళ్ళింది.

"దోమల సంగతి వినండి. ఆడ దోమ రెక్కల చప్పుడూ మగ దోమ రెక్కల చప్పుడూ శ్రుతి కలిస్తేనే వాటికి పెళ్ళి. నేనా శ్రుతి పట్టేసి, ఒక్క పిసరు తగ్గించి స్పీకర్లలో వదిలా. అంతే, ఒక్క సంబంధం కుదిరితే ఒట్టు! మగ దోమలు జుట్టు నెరిసిపోయి అలా కిటికీల్లో కూర్చుండిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దోమల్లేవు, జ్వరాల్లేవు. మా ఊళ్ళో ఇప్పుడు ఏ పిల్లకీ జ్వరం..."

అక్కడ అతని మాట తడబడింది. మూడేళ్ళ కిందట జ్వరాల వార్డులో గువ్వ మంచం పక్కన నేల మీద కూర్చుని, ఇతను ఇలాగే కోతలు కోసి పిల్లని నవ్వించాలని చూసిన రోజు ఆవిడకి గుర్తుంది. అప్పటికే పిల్లకి వినపడటం మానేసింది, వీళ్ళకే తెలీలేదు.

"అవన్నీ సరేనండీ," అని గబగబా ఎత్తుకున్నాడు, "ఎండిపోయిన బోరులోకి మైకు దించా. వైరు చాలకపోతే వీధిలో బట్టలారేసే తీగలన్నీ ముడేసి దించా. భూమి కడుపులో గుడగుడమంటోంది. భూకంపం! ఇప్పుడో ఇంకాసేపట్లోనో లేస్తుంది. ఏం చేశానో తెలుసా? స్పీకరు బోరు మూతి మీద బోర్లించి జోలపాట పెట్టా. భూమి ఓ ఆవలింత తీసి అటు తిరిగి పడుకుంది. మా వీధి ఓ పక్కకి వాలి ఉంటుంది, అందుకే. కావాలంటే వచ్చి చూడండి."

"వాలితే మురుగు మీ ఇంటికి రాదూ?" అన్నాడు డ్రైవరు.

"వస్తోంది. లోకం కోసం భరిస్తున్నా."

ఈసారి లోపల్నించి కుర్చీ జరిగిన చప్పుడు. అతను గొంతు ఇంకా పెంచాడు.

"ఆఖరికి మైకు ఆకాశంకేసి తిప్పానండీ. ఒక్కో చుక్కనీ వింటూ పోతున్నా. ఓ చుక్క దగ్గర్నించి గొంతొచ్చింది. 'అయ్యా, ఆ స్పీకరు కాస్త తగ్గిస్తారా, పిల్లలు పడుకున్నారు' అని!"

"ఏ భాషలో?"

"మన భాషలోనే. కాస్త యాసుంది."

డ్రైవరు పగలబడి నవ్వాడు. దర్జీ నవ్వలేదు. "ఇంత పనిమంతుడివి, ఇక్కడేం చేస్తున్నావయ్యా?" అన్నాడు.

అల్లుడు మూసిన తలుపుకేసి వేలు చూపించాడు. "లోపల మా పాపకి పెట్టిన యంత్రం ఉందే, అది నాదే. డాక్టర్లు కాళ్ళావేళ్ళా పడితే గీసిచ్చా. ఈరోజు ఆన్ చేస్తున్నారు. నూటికి నూరుపాళ్ళూ పనిచేస్తుంది. చేయకపోవడమన్నదే లేదు. నేను చేసిన వస్తువు ఇంతవరకూ..."

ఇన్నేళ్ళలో మొదటిసారి అత్తగారికి అతని అబద్ధం విని సిగ్గనిపించలేదు. ఈ ఒక్క కోత నిజమైతే చాలు, మిగతావన్నీ నేనే ఊరంతా తిరిగి నిజమని చెప్తాను, అనుకుంది.

తలుపు తెరుచుకుంది. ముందు యంత్రం అమర్చే అమ్మాయి వచ్చింది, పెదవుల మీద వేలు పెట్టుకుని, ఎవరూ మాట్లాడొద్దన్నట్టు. వెనక తల్లి చెయ్యి పట్టుకుని గువ్వ. పిల్ల సూటిగా తండ్రికేసి వేలు చూపించింది. ముందు నాన్నే మాట్లాడాలట. ఆ అమ్మాయి అతని చొక్కాకి ఓ చిన్న మైకు తగిలించి యంత్రం ఆన్ చేసింది, మొదట్లో ఆ మైకుకి దగ్గరగా పలికిందే పిల్లకి చేరుతుందట.

అతను వెళ్ళి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ చిన్న మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, మాట్లాడాడు.

గువ్వ చూసింది. చూసి, తల అడ్డంగా ఊపింది.

అతను మళ్ళీ మాట్లాడాడు. పిల్ల మళ్ళీ అడ్డంగా ఊపింది, ఈసారి కళ్ళనిండా నీళ్ళతో. తల్లి గోడకి జారగిలబడింది. అత్తగారికి చూపు మసకబారింది. అంతేనా, ఇంతా చేసి అంతేనా, అని ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంటుండగా, దర్జీ లేచి నిలబడ్డాడు.

"ఓయ్! ఇందాకట్నించీ నాకున్న ఒక్క చెవికీ చిల్లులు పొడిచావే, వినాల్సిన పిల్ల ముందు నోరు పడిపోయిందేం? నాకేం వినపడలేదు. ఎవరికైనా వినపడిందా?"

అప్పుడు తెలిసింది అత్తగారికి. మూడేళ్ళుగా ఆ ఇంట్లో గువ్వతో ఎవరూ గొంతుపెట్టి మాట్లాడరు. ఉత్త పెదవులు కదుపుతారు, అది చూసి చదువుకుంటుంది. వీధిలో అరిచి అరిచి వచ్చిన మనిషి గడప దాటగానే పిల్ల ముందు మూగవాడైపోతాడు. ఇప్పుడూ అదే చేశాడు, అలవాటుకొద్దీ.

"గొంతు పెట్టు, నాయనా!" అని అరిచింది, అల్లుణ్ణి 'మీరు' అనే మర్యాద కూడా మరిచిపోయి. "గొంతు పెట్టి మాట్లాడు!"

అతను బిత్తరపోయి చూశాడు. భూమికి జోల పాడినవాడికి, చుక్కలతో మాట్లాడినవాడికి ఒక్క ముక్క దొరకలేదు. చివరికి, మైకు సరిచూసేటప్పుడు రోజూ అనేదే, వణుకుతూ బయటికొచ్చింది.

"హలో... హలో... ఒకటి... రెండు..."

గువ్వ ఉలిక్కిపడి చెవి మీద చెయ్యి వేసుకుంది. కళ్ళు ఇంతలేసి చేసుకుని అతని నోటికేసి చూసింది. "నాన్నా," అంది, అని తన గొంతుకి తనే మళ్ళీ ఉలిక్కిపడింది. "నువ్వు ఎలకలా ఉన్నావ్!"

"మొదట్లో అందరి గొంతులూ అలా కీచుగానే వినపడతాయి," అంది యంత్రం అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ. "మెదడుకి అలవాటవ్వాలి, నెలలు పడుతుంది."

"చుక్కల్లోవాళ్ళు తగ్గించమన్న గొంతు ఇదేనా?" అన్నాడు దర్జీ. హాలంతా ఒక్కసారిగా గొల్లుమంది.

అల్లుడు ఆ నవ్వు పట్టించుకోలేదు. "ఎలకనేనమ్మా," అన్నాడు, చెంపలు తడిసిపోతుంటే. "చిన్న ఎలకనే. వినపడుతోందా? చిట్టెలకని." ఆ మనిషి తనని తాను తగ్గించి చెప్పుకోగా అత్తగారు వినడం అదే మొదలు. ఏడుపులో అతని మాట ఆగిపోయింది.

గువ్వ అతని గడ్డం పట్టుకుని ఊపింది.

"ఆపకు నాన్నా."