మా వదిన అడిగిన కోటలు

కోటలు చూడ్డానికి వెళ్తున్నారా? ఎన్ని రోజులు? రెండా? చాల్లే. మేమూ రెండు రోజులకే బయల్దేరాం, మా అన్నయ్యా, వదినా, నేనూ. ఇట్రా, కూర్చో, బట్టలు తర్వాత సర్దుకోవచ్చు. మా అన్నయ్యని నువ్వు చూడలేదు కదూ, నువ్వు పుట్టకముందే పోయాడు. బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్లలో బస్సు మీద చిన్న గీత పడనివ్వలేదు. ఆయన నడుపుతుంటే ముసలమ్మలు నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోయేవాళ్లు. అలాంటి మనిషికి ఓ రోజు పల్లంలోకి దిగుతుంటే బ్రేకు పడలేదు. ఏం చేస్తాడు, గోడకి రాసుకుంటూ పోయి ఎలాగో ఆపాడు. ఎవరి ప్రాణమూ పోలేదు, ఒకాయన కాలు విరిగింది. తప్పు డ్రైవరుది కాదు, బండిది అని విచారణలో తేల్చారు కూడా. తేల్చి ఏం లాభం? డ్రైవరు సీట్లో కూర్చునేవాడు, బండి మాత్రం స్టార్టు చేయలేకపోయేవాడు. డిపోలో టికెట్ల గదిలో కూర్చోబెట్టారు. పద్నాలుగు నెలలు! ఇంట్లో మాటా పలుకూ లేదు.

మా వదిన బట్టలు కుట్టేది. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేది, అయినా ఒక్క ముక్క తడబడేది కాదు. ఆవిడే ఓ రోజు, 'ఏవండీ, నాకు మూడు కోటలు చూపించండి' అంది. 'వాడు తీసుకెళ్తాడులే' అని అన్నయ్య నన్ను చూపించాడు. ఆఫీసులో ఒకాయన్ని అడిగి కారు తెచ్చా. నా డ్రైవింగు... నవ్వకు, మీ నాన్నమ్మ చెప్పిందంతా నమ్మకు. దారి మాత్రం ఎంత బావుందనుకున్నావ్! రెండు పక్కలా పొద్దుతిరుగుడు చేలు, వెనకాల నీలంగా కొండలు. అన్నయ్య చూస్తేగా! వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. కానీ నేను బ్రేకు వేయాల్సిన ప్రతిచోటా, నాకంటే ముందు ఆయన కాలు నేలని తొక్కేది.

మొదటి కోట బాగానే చూశాం. రెండోది కొండ మీద. మెట్లు అరిగిపోయి నున్నగా ఉన్నాయి, దిగుతూ జారాను. చీలమండ ఇంత లావున వాచింది. కిందికేమో పది మలుపుల దారి. 'ఎవరైనా డ్రైవరు దొరుకుతాడేమో అడగండి' అన్నా. మా వదిన, 'దొరికాడుగా' అని తాళాలు ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆ తాళాల వంక చూశాడు చూశాడు... ఎక్కి కూర్చున్నాడు. మొహమంతా చెమట. నడిచేవాళ్లే మమ్మల్ని దాటిపోతున్నారు, అంత మెల్లగా దిగుతున్నాం. నాలుగో మలుపు తిరిగామో లేదో, రోడ్డుకడ్డంగా గొర్రెలు! తొక్కాడు. ఆగింది. గొర్రెలు వెళ్లిపోయాయి, కారు కదల్లేదు. చూస్తే, స్టీరింగు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నేనేదో అనబోతే వదిన నా చెయ్యి గిల్లింది. తర్వాత మెల్లగా, 'ఆగింది కదండీ' అంది.

చొక్కా అంచుతో మొహం తుడుచుకుని మళ్లీ గేరు వేశాడు. కొండ దిగాక దారి చీలుతుంది, ఎడమకి మా ఊరు. నా కాలు చూసి ఇంటికే వెళ్దామనుకున్నాం కదా, ఈయన కుడికి తిప్పాడు. 'అన్నయ్యా, నా కాలు!' అన్నా. 'నువ్వు కార్లోనే పడుండరా. మీ వదిన మూడు కోటలంది' అన్నాడు. మేం వెళ్లేసరికి మూడోదానికి తలుపులు వేసేశారు. గోడ తప్ప ఏం కనపడలేదు. మా వదిన ఆ మూసిన తలుపుని చూసి ఒకటే నవ్వు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. ఇంటికొచ్చేదాకా అన్నయ్య నోరు మూస్తే ఒట్టు. 'గేరు అలాగా వేసేది? క్లచ్చు ఏం పాపం చేసిందిరా?' అని దారిపొడుగునా నన్ను తిడుతూనే ఉన్నాడు. తిట్టనీ. పద్నాలుగు నెలల తర్వాత ఆ గొంతు వింటున్నాం మేం. నెల తిరక్కుండా మళ్లీ బస్సెక్కాడు, రిటైరయ్యేదాకా దిగలేదు.

...

ఏం లేదు, ఏం లేదు. ఆ కిటికీ కాస్త మూసెయ్, ఎండ కళ్లలో పడుతోంది.