కోసాకు కంబాలు

ఏమప్పా పునీత్, టేపు పట్టుకొని ఆ కంబాలనే కొలుస్తా ఉండావు? రొవంత కూర్చో, ఎండలో నిలబడొద్దు. ఎట్లైనా కూలగొట్టేదే గదా, కూలగొట్టేదానికి కొలతలేమిట్కి? ఏమీ? మురళి కొత్తింటికీ ఇట్లావే పిల్లర్లు కావాలన్నాడా? వీటికంటే పెద్దవా, మిద్దె ఎత్తు లేపాలనా? అయ్యో దేవుడా. వాళ్ళ నాయన పెట్టిన కంబాలు పీకేసి మళ్ళీ కంబాలే పెట్టేకి నిన్ను బెంగళూరునించి పిలిపించినాడా. వినేకే అలుపొస్తా ఉండాదప్పా నాకు. హోసూరు రోడ్డులో ఏ కల్యాణ మండపం చూడు, ఏ లేఅవుట్ గేటు చూడు, ఇవే. ఏంది ఆ ఫోనులో? గ్రీకు దేశమా? గుడా అది, పడిపోయిన గుడా? ఆ గుడిని చూసి ఇంగిలీషోళ్ళు వాళ్ళ కచేరీలకూ బ్యాంకులకూ పెట్టుకున్నారా? ఎన్నో వందల ఏండ్లు పోయినాక, మళ్ళీ తవ్వి తీసినట్లా? అట్లయితే దొరలదీ సొంతం కాదంటావు. వాళ్ళూ ఎవురిదో చూసి ఆశపడినోళ్ళే. ఈ మాట మా అన్నకు అప్పుడే ఎవురైనా చెప్పింటే బాగుండు. రొవంత బరువు తగ్గుండు ఆయప్పకు.

అన్న అంటే శ్రీరామప్ప, మురళి వాళ్ళ నాయన, నా కూడబుట్టినోడు. నువ్వు చూసుండవు. నువ్వు మా అక్క మనవడివి, అడిగినావు కాబట్టి చెప్తా ఉండా. మురళికి చెప్తే ఫోను చూసుకుంటా ఊ ఊ అంటాడు. వదిన నంజమ్మది కెలవరపల్లి. చిన్నప్పుడు వాళ్ళ నాయన హోసూరులో ఒక దొర బంగళాకు పాలు పోస్తా ఉండె, ఈయమ్మ చెంబు పట్టుకొని వెనకాలే పోయేది. ముందర తెల్లని కంబాలు, మెట్లు. ఒక పొద్దు ఆ మెట్టు మీద కాలు పెట్టిందంట. లోపలినించి బట్లరు "ఏయ్, మన్ను కాళ్ళు! దిగు, వెనకనించి పో" అని కసిరినాడంట. అంతే, ఇంగేమీ లేదు. పెండ్లయినాక ఎప్పుడో నవ్వుకుంటా చెప్పింది, మేమందరం నవ్వినాము. అన్న మాత్రం నవ్వలే. ఆయప్ప తీరే అంత, ఒక మాట లోపలికి పోతే ఇంగ బయటికి రాదు. మీరు క్యాబేజీ అంటారే, ఆ కోసు పంట బాగా పండిన ఏడు, తళి ఊరి పక్కంతా ఆ దుడ్డుతో బోర్లు వేసుకుంటా ఉంటే ఈయప్ప కంబాలు లేపినాడు. పాత పెంకుటింటి ముందర! మేస్త్రీ ఓబయ్య అడిగినాడు, "కంబం తలకాడ ఆకులు పెట్టమంటావు, ఏ ఆకన్నా?" అని. అన్నకేం తెలుసు? ఆ బంగళాను రోడ్డులో నిలబడి చూసొచ్చినాడు, ఏందో ముడుచుకున్న ఆకు. చేన్లోకి పోయి ఒక కోసుగడ్డ కోసుకొచ్చి "ఇట్లా పెట్టు" అన్నాడు. పైకి చూడు, కోసాకులే అవి, ఈనెలతో సహా. ఊరంతా కోసు బంగళా అని ఒకటే నవ్వు. మా అంగాళమ్మత్త అయితే "ఒరే శ్రీరామా, పైన కోసు పెట్టినావు, కిందనించి బీన్సు తీగ పాకించరా" అనింది. అననీలే అన్నాడు. ఆయప్ప కట్టింది వాళ్ళకోసరం కాదు గదా.

ఎవురికోసరం కట్టినాడో ఆయమ్మ ఎక్కలేదప్పా ఆ మెట్లు. పాతిల్లే గదా, గృహప్రవేశం లేదు ఏమీ లేదు. తెల్లారితే లోపలినించి వచ్చి కసువూడ్చి, మళ్ళీ లోపలికే పోయేది. చేనునించి వస్తే గొడ్లపాక పక్కన తిరుక్కొని వెనక వాకిట్లోనే. అన్న సాయంత్రమైతే కంబాలకాడ కుర్చీ వేసుకొని "నంజా, ఒక్కతూరి ఇట్లా ముందరనించి రాయే" అనేవాడు. "కాళ్ళకు మన్నుండాది, రేపు వస్తా." "కడుక్కొని రా." "కడుక్కుంటే మెట్లంతా తడవదా? రేపు." పండగకు కొత్త చీర కట్టుకున్నా అదే దోవ. ఏమిట్కి వదినా అని నేనే అడిగినా. "ఆడ కాలు పెడితే ఎవురో అరుస్తారనిపిస్తాది, మీయన్నకు చెప్పొద్దు" అనింది. ఆయప్ప అలిగినాడు, మాట్లాడేది మానేసినాడు, మళ్ళీ తానే పిలిచినాడు. పిలుస్తా పిలుస్తానే ముసిలోడైపోయినాడు. ఆయప్పకు ఈ లోకంలో ఇంగ వేరే ఆశ లేదు. ఆయమ్మ ఆ నడమ నడిచి రావాల, తాను కూర్చొని చూడాల.

ఒక పొద్దు ఆ కుర్చీలోనే తల వాల్చేసినాడు. వదిన మడికి నీళ్ళు కడతా ఉండె, ఎవురో కేకేసినారు. వచ్చిందప్పా. మోకాళ్ళదాకా బురద, చీర పైకి దోపుకొని, పరిగెత్తుకుంటా, ముందరనించే, ఆ కంబాల నడమనే. యాడ ఎక్కతా ఉండాదో కూడా తెలీలే ఆయమ్మకు. ఆయప్ప కాళ్ళకాడ కూలబడి ఏడ్చి ఏడ్చి, వెనక్కి తిరిగి మెట్ల మీద తన మన్ను అడుగులు చూసుకునింది. చూసుకొని, రెండు చేతులతో ఆయప్ప గడ్డం పట్టుకొని, మొహం ఆ పక్కకు తిప్పి, "వచ్చినాను, చూడు, వచ్చినాను" అని...

కాఫీ తాగతావా అప్పా? చక్కెర వేయమనేదా, వద్దా?