బల్ల ముట్టని పాస్టరు

గాజువాకలో ఆదివారం ఆరాధన, నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ముగిశాయి. ఇనప సామాన్ల కొట్టు నడిపే సంఘపెద్ద, పాస్టరుగారిని మందిరం వెనక్కి తీసుకెళ్లి నిలదీశాడు.

"అయ్యగారూ, మొదట్లో మనకేటుండేది? నా కొట్టెనకాల రేకుల సెడ్డు, రెండు సాపలు. ఇప్పుడు స్టీలు ప్లాంటోళ్లు కుటుంబాలతో వస్తన్నారు. ఈళ్లందరికీ రొట్టె విరిసి ఇచ్చి, మీరు మాత్రం ముట్టరేటి? పాస్టరుగారు ఏదో పాపం సేసేరని అందరూ గుసగుసలాడతన్నారు!"

"సేసేను కదా. నైటు డ్యూటీ దిగొచ్చి ఆరాధనలో కునుకు తీసిన ఇస్సాకుని, తాగొచ్చేవని అందరి ముందరా తిట్టేను. అతనికి నా మీద కోపం పోయేదాకా నాను ప్రభువు బల్లలో సెయ్యెయ్యను."

"తప్పని అందరి ముందరా ఒప్పుకున్నారు. రోజూ ఆడింటికెళ్లి సెమించమని అడుగుతన్నారు. ఇంకేటి సెయ్యాలి, ఆడి కాళ్లు పిసకాలా?"

"పిసకమంటే పిసుకుతాను."

"నాకు సిగ్గేస్తంది! పోర్టులో క్రేను నడిపినోడికి ఇంత పొగరా? సంఘంలోంచి ఆడి పేరు కొట్టేద్దాం."

"కొట్టేస్తే అతను మళ్లీ వస్తాడా బ్రదరూ?"

"రాకపోతే పోనీండి! ఒక్కడి కోసం అందర్నీ పోగొట్టుకుంటారా? వచ్చే నెల కూడా మీరు బల్ల తీసుకోకపోతే, నాను పెద్దరికం వదిలేసి ఇంట్లో కూకుంటాను."

"అలాగైతే మీ ఇంటికీ రోజూ వస్తాను."

"నవ్వకండి అయ్యగారూ! ఇన్నాళ్లు ఆడి సుట్టూ తిరిగి ఏటి సంపాదించేరు? అది సెప్పండి ముందు."

"ఇన్నాళ్లూ లోపల్నుంచే తిట్టేవాడు. నిన్న తలుపు తీసి తిట్టేడు."